కరిసల్ సీమ తెలుగువాళ్ళు – 14: చిల్లు కానీ కాలం

1942 సెప్టెంబరు 1న దేశమంతా గడియారాలను గంట ముందుకు తిప్పారు. పగటి వెలుతురును ఎక్కువగా వాడుకుంటే కరెంటూ బొగ్గూ మిగులుతాయని, మిగిలింది యుద్ధానికి పనికొస్తుందని సర్కారు లెక్క. 1945 అక్టోబరు 15 దాకా ఆ లెక్కే నడిచింది. కోవిల్‌పట్టి మిల్లు కూత, విరుదునగర్ బడిగంట కూడా దానితోపాటే ముందుకు జరిగాయి. చలికాలంలో ఊరి అంచు పేటల పిల్లలు మసకచీకట్లోనే లేచి, ఇంత సజ్జ సంకటి మీద పలచటి మజ్జిగ పోసుకు తిని, బడికో పనికో బయలుదేరాల్సి వచ్చింది. ఈ కరిసల్ (నల్లరేగడి) నేల మీద పెరుగుతున్న పిల్లల దగ్గరికి రెండో ప్రపంచయుద్ధం ఇలాగే చేరింది. వాళ్ళు నిద్ర లేచే వేళను మార్చింది. తర్వాత కంచంలో కూడును, చేతిలో నాణేన్ని, ఒంటి మీది గుడ్డను మార్చింది.

పోయిన భాగంలో పాళెగాళ్ళ కథ చెప్పుకున్నాం. 1799 అక్టోబరు 16న కయత్తారులో వీరపాండ్య కట్టబొమ్మన్ను ఉరితీసిన దగ్గర ఆగాం. అక్కడి నుంచి నూట నలభై ఏళ్ళు దాటి ఒక్కసారిగా ఇక్కడికి వచ్చానేమిటని పాఠకులు అడగవచ్చు. కట్టబొమ్మన్ కథకు దస్తావేజులున్నాయి, పాటలున్నాయి, సినిమా కూడా ఉంది. యుద్ధకాలంలో కరిసల్ సీమలో పిల్లలుగా ఉన్నవాళ్ళ కథకు వాళ్ళ జ్ఞాపకాలే దస్తావేజులు. వాళ్ళిప్పుడు తొంభైలలో ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చుని అడిగే గడువు ఏడాదికేడాది తరిగిపోతోంది. వరస తప్పడానికి నాకున్న కారణం అదొక్కటే.

ముందు చోటు సంగతి. మదురై నుంచి తూత్తుకుడికి 1876లో వేసిన రైలుదారి మీద, ఒకదానికొకటి యాభై కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి విరుదునగర్, కోవిల్‌పట్టి. నడుమ సాత్తూరు. ఆ రోజుల్లో విరుదునగర్ రామనాథపురం జిల్లాలోనూ కోవిల్‌పట్టి తిరునల్వేలి జిల్లాలోనూ ఉండేవి. విరుదునగర్ వ్యాపారపు ఊరు. చుట్టుపక్కల పండేదే కాక ఎక్కడెక్కడివో మిరపకాయలు, పప్పులు, ధనియాలు, నూనె అక్కడి నాడార్ మండీలకు వచ్చి పడేవి. 1923 దాకా దాని పేరు విరుదుపట్టి. కోవిల్‌పట్టిది పత్తి బతుకు. 1891 నాటి నూలుమిల్లు ఒకటి (ఇప్పటి లాయల్ మిల్లు), కోయంబత్తూరు తెలుగు కుటుంబం నడిపిన లక్ష్మీ మిల్లు ఒకటి, 1901లో పెట్టిన వ్యవసాయ పరిశోధన కేంద్రం ఒకటి. కరుంగణ్ణి పత్తి మీద ఆ కేంద్రంలో ఏళ్ళ తరబడి పని జరిగింది.

ఈ రెండు ఊళ్ళ చుట్టూ వందల పల్లెల్లో ఇంటి భాష తెలుగు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, దేవాంగులు, అరుంధతీయులు. పొలం ఉన్నవాళ్ళ తెలుగు గురించి చాలామంది రాశారు. ఆ పొలాల బావుల్లోంచి నీళ్ళు తోడే తోలుబానలు కుట్టిన అరుంధతీయుల ఇళ్ళలోనూ తెలుగే వినిపించింది, వాళ్ళ పిల్లల గురించి రాసినవాళ్ళు బాగా తక్కువ. బడిలో అక్షరాలు మాత్రం ఎవరికైనా తమిళమే. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టి, తమిళ సాహిత్యంలో పెద్దపేరు తెచ్చుకున్న కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి ఇద్దరూ 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేటప్పటికి పదహారేళ్ళకు అటూ ఇటుగా ఉన్నారు. వాళ్ళకన్నా ఐదారేళ్ళు చిన్నవాళ్ళు, అంటే పదేళ్ళ పిల్లలు, ఈ భాగంలో మనకు ముఖ్యం.

తెలుగు తీరం మీద బాంబులు పడ్డాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు దాడి చేశాయి. ముందురోజు కొలంబో వంతు. కోవిల్‌పట్టికి అరవై కిలోమీటర్ల దూరంలోనే తూత్తుకుడి రేవు ఉంది, ఆ నీళ్ళకు అవతల ఒడ్డున కొలంబో. ఆ నెలలోనే మద్రాసు సగం ఖాళీ అయింది. సర్కారు కచేరీలు పై ఊళ్ళకు తరలాయి, హైకోర్టు కోయంబత్తూరుకు పోయింది. మద్రాసులో ఉద్యోగాలున్న ఇళ్ళవాళ్ళు పిల్లాజెల్లాతో సొంత ఊళ్ళకు రైళ్ళెక్కారు. కరిసల్ ఊళ్ళ మీద మాత్రం ఒక్క బాంబూ పడలేదు. అందుకే యుద్ధచరిత్ర పుస్తకాల్లో ఈ ఊళ్ళ పేర్లు కనిపించవు.

బాంబు పడలేదు గానీ చిల్లర మాయమైంది. వెండి రూపాయల్ని జనం దాచుకోవడం మొదలుపెట్టారు. 1940లో సర్కారు ఆ రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది, ఒక రూపాయి నోటును కూడా తెచ్చింది. రాగి, ఇత్తడి, నికెలు యుద్ధ సామగ్రికి కావలసినవి కనుక చిన్న నాణేలకూ కరువొచ్చింది. 1943లో కొత్త కానీ వచ్చింది, నడుమ గుండ్రటి చిల్లుతో. పాత కానీ ఐదు గ్రాములకు కాస్త తక్కువ తూగేది, కొత్తది రెండు గ్రాములే. నాలుగు కానీలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. అన్నిటికన్నా చిన్న కొనుగోళ్ళకు వాడేది గనుక పిల్లల చేతికి అందిన డబ్బు అదే. దారానికి గుచ్చి మొలతాడుకు కట్టుకున్నారు, బొంగరంలా తిప్పారు, చిల్లులోంచి ఒంటికన్ను పెట్టి చూశారు. కోవిల్‌పట్టికి ఇప్పుడు పేరు తెచ్చిన కడలై మిఠాయి (వేరుసెనగ చెక్కి) కూడా 1940లలోనే అక్కడి చిల్లరకొట్లలో పుట్టింది. మొదట తాటిబెల్లం పాకంతో, తర్వాత చెరకు బెల్లంతో చేశారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పంచదారకు కంట్రోలు వచ్చిన రోజుల్లో, తాటిచెట్లూ వేరుసెనగా దండిగా ఉన్న సీమలో పుట్టిన తీపి అది.

ఇక కూడు. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. మద్రాసు రాజధాని బర్మా బియ్యం మీద ఎంతగా ఆధారపడి ఉందో అప్పుడు తెలిసొచ్చింది. కరిసల్ పల్లెల్లో రోజూ వరి అన్నం తినే అలవాటే లేదు, అది పండగ కూడు. మామూలు రోజుల్లో సజ్జ, జొన్న, రాగి, అరికె, ఊద. కాబట్టి బర్మా బియ్యం ఆగితే వీళ్ళకేం నష్టమని అనిపించవచ్చు. నష్టం పక్కదారిలో వచ్చింది. బియ్యం తినే ఊళ్ళు చిరుధాన్యాల వైపు తిరిగేసరికి వాటి ధరా పైకి పోయింది. కొని తినే ఇంట్లో, అంటే సెంటు భూమి లేక మిల్లుకో మండీకో కూలికి పోయేవాళ్ళ ఇంట్లో, సంకటి పలచనై గంజి అయింది. 1942లో ధాన్యం టోకు వ్యాపారానికి లైసెన్సులు వచ్చాయి, మరుసటేడు మద్రాసు నగరంలో రేషను మొదలై తక్కిన పట్టణాలకూ పాకింది. కంట్రోలు కొట్టు ముందు సంచి పట్టుకుని వరసలో నిలబడే పని పిల్లల మీద పడింది. పెద్దవాళ్ళు కూలి మానుకుని నిలబడలేరు కదా.

విరుదునగర్ పిల్లలకు బియ్యం సంగతిలో ఇంకో పాత అనుబంధం ఉంది. నాడార్లు 1889లో పెట్టుకున్న క్షత్రియ విద్యాశాలను ఇంటింటి నుంచీ తీసిన పిడికెడు బియ్యంతో పోషించారు. తర్వాతి కాలంలో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన కామరాజ్ చిన్నప్పుడు చదివింది ఆ బడిలోనే. పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం ఎంత కష్టమో 1943లో ఆ ఊరి తల్లులకు తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలిసి ఉండదు.

బర్మాతో తెగిపోయింది బియ్యం ఒక్కటే కాదు. రామనాథపురం, తిరునల్వేలి జిల్లాల నుంచి బర్మాకు, మలయాకు, సింహళానికి కూలికీ వ్యాపారానికీ పోయిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయాక అటునుంచి ఉత్తరాలు లేవు, మనియార్డర్లు లేవు. బర్మా నుంచి నాలుగైదు లక్షలమంది భారతీయులు అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు, దారిలో చనిపోయినవాళ్ళు వేలమంది. తండ్రి ఉన్నాడో లేడో తెలియకుండా మూడేళ్ళు గడిపిన పిల్లలు ఈ జిల్లాల్లో ఎందరో. యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు మనం వీళ్ళను లెక్కలోకి తీసుకోం. నా దృష్టిలో ఆ నిరీక్షణ కూడా యుద్ధంలో తగిలిన గాయమే. కిరోసిను కూడా ఎక్కువగా బర్మా నుంచే వచ్చేది. అది ఆగాక లాంతర్లు చూరుకు వేలాడాయి, ఆముదం ప్రమిదలు మళ్ళీ దిగాయి. రాత్రి చదువు ఆ వెలుతురు ఉన్నంతసేపే.

గుడ్డ సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. పత్తి పండే నేల మీద, నూలుమిల్లు గోడ పక్కనే పెరుగుతున్న పిల్లలకు వేసుకోవడానికి చొక్కా లేకపోవడం ఎలా జరిగింది?

యుద్ధానికి ముందు భారతదేశపు పొట్టి పింజ పత్తికి పెద్ద గిరాకీ జపానుది. 1941లో జపానుతో వ్యాపారం తెగిపోగానే ఆ గిరాకీ పోయింది. పత్తి ధర పడింది. 1942లో సర్కారు 'ఆహారం ఎక్కువ పండించండి' అంటూ పత్తి మళ్ళను తిండిగింజలకు మార్చమని రైతుల వెంటపడింది. ఇంకోవైపు మిల్లులు పగలూ రాత్రీ నడిచాయి. గుడారాల గుడ్డ, ఖాకీ, పట్టీలు, అన్నీ సైన్యానికే. ఇంగ్లండు గుడ్డ రావడం తగ్గింది, జపాను గుడ్డ పూర్తిగా ఆగింది. ఇక బజారులో మిగిలిందెంత? 1943 నడిమికి నూలుగుడ్డ ధర యుద్ధానికి ముందున్నదానికి నాలుగు రెట్లు దాటిపోయింది. అప్పుడు, ఆ జూనులో, సర్కారు గుడ్డకూ నూలుకూ కంట్రోలు ఉత్తర్వు తెచ్చింది. ప్రతి తాను మీద ధర ముద్ర వెయ్యాలి. పేదలకోసం 'స్టాండర్డ్ క్లాత్' అని ఒక ముతక రకం నేయించారు. ముద్రధరకు దొరకని గుడ్డ దొడ్డిదారిన రెట్టింపుకు దొరికింది. 'బ్లాకు' అనే మాట పల్లె నోళ్ళలో నానింది అప్పుడే.

దేవాంగుల మగ్గాలకు నూలు అందలేదు. నేతగాడి ఇంట్లో బొంగులు చుట్టే పని పిల్లలది, చుట్టడానికి నూలుంటే కదా. దీపావళికి పిల్లాడికో చొక్కా, ఆడపిల్లకో పావడా కుట్టించడం ఏడాది పొడుగునా చేసే ఆలోచన అయింది. పెద్దవాళ్ళ పాత పంచెల అంచులు చింపి పిల్లలకు గోచీలు పెట్టారు.

ఈ గుడ్డకరువు మనసును యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు కు. అళగిరిసామి 'రాజా వందిరుక్కిఱార్' అనే కథలో పట్టుకున్నాడు. దీపావళి ముందు ఒక పేద ఇల్లు. పిల్లలకు ఎలాగో కొత్తబట్టలు కొని, భర్తకు ఒక్క తుండుగుడ్డ తెచ్చిపెట్టుకుంది తల్లి. ఒళ్ళంతా పుళ్ళతో, దిక్కులేని ఒక పిల్లవాడు వాళ్ళింటికి వస్తాడు. ఆమె వాడికి తలంటుపోసి, భర్త కోసం దాచిన ఆ తుండుగుడ్డ తీసి వాడికి కడుతుంది. ఆ కథ యుద్ధం గురించి అని ఎవరూ చెప్పరు, అందులో యుద్ధం మాట లేదు కూడా. అయినా ఒక్క తుండుగుడ్డకు ఇంటిల్లిపాదీ జీవితంలో అంత విలువ ఎలా వచ్చిందో తెలియాలంటే 1943 కంట్రోలు ఉత్తర్వు నుంచి మొదలుపెట్టాలని నేను నమ్ముతాను. గుడ్డ విలువ తెలిసిన ఇంట్లో పెరిగినవాడే ఆ కథ రాయగలడు.

ఈ కష్టాల మధ్య పిల్లలకు కనిపించిన ధైర్యం ఒకటుంది. యుద్ధనిధికి చందాలు వసూలు చేస్తున్న కాలంలో, ఇవ్వవద్దని ఊరూరా చెప్పాడు కామరాజ్. 1940 డిసెంబరులో సత్యాగ్రహుల జాబితా చేతబట్టుకుని గాంధీని కలవడానికి వార్ధా వెళ్తుంటే పోలీసులు ఆయన్ను మన గుంటూరులోనే పట్టుకుని వేలూరు జైలుకు పంపారు. జైల్లో ఉండగానే విరుదునగర్ ఆయన్ను పురపాలక అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 1941 నవంబరులో బయటికి వచ్చి, ఆ కుర్చీకి తాను న్యాయం చెయ్యలేనని రాజీనామా ఇచ్చేశాడు. 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా పిలుపు ఇచ్చిన బొంబాయి కాంగ్రెసు సభ నుంచి తిరిగొస్తూ, అరక్కోణంలో కాచుకున్న పోలీసుల కన్నుగప్పి, జిల్లా జిల్లాకూ కబురు అందించి, పని పూర్తయ్యాక విరుదునగర్ చేరి తనంతట తానే పోలీసులకు కబురు పెట్టాడు. ఈసారి 1945 జూను దాకా జైలే. ఆ ఆగస్టులోనే కోవిల్‌పట్టి దగ్గరి కడలైయూరులో నేతపనివాళ్ళు ఊరేగింపు తీస్తే పోలీసులు కాల్పులు జరిపారు. నూలు దొరకని ఊరు, నేతపనివాళ్ళు, కాల్పులు. ఈ మూడింటినీ విడదీసి చూడలేను. ముఖ్యమంత్రి అయ్యాక కామరాజ్ బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించాలని పట్టుబట్టడం వెనక తన చిన్ననాటి ఆకలే ఉందని అంటారు. 1940లలో తన ఊళ్ళో చూసిన ఆకలి కూడా ఉంటుందని నా అభిప్రాయం. ఆ భోజనం 1956లో మొదలైంది కోవిల్‌పట్టి పక్కన, తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఎట్టయపురంలో.

ఊరికీ ఊరికీ నడుమ ప్రయాణం కూడా మారింది. పెట్రోలు సైన్యానికి పోయింది. బస్సుల వెనక నిలువెత్తు ఇనప పీపా బిగించి, అందులో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపారు. మదురై టి.వి.ఎస్. వాళ్ళు అలాంటి గ్యాసు ప్లాంట్లు తయారుచేశారు. బస్సు కదలాలంటే ముందు చాలాసేపు పీపా పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పి గాలి కొట్టాలి. ఆ పని క్లీనరు కుర్రాడిది. మొహం నిండా మసి, అరచేతుల్లో బొబ్బలు. ఎక్కిన జనం దిగి తోయాల్సిన ఎత్తులూ ఉండేవి. బొగ్గు బస్సు ముచ్చట్లు పెద్దవాళ్ళు నవ్వుతూ చెబుతారు. చక్రం తిప్పిన కుర్రాడి వయసు ఎంతని అడిగితే మాత్రం నవ్వు ఆగిపోతుంది.

పనిలో పడ్డ ఆ కుర్రాడి దగ్గరి నుంచి అగ్గిపెట్టెల దగ్గరికి వస్తాను. యుద్ధం ఈ సీమలో వదిలిపోయిన అతిపెద్ద గుర్తు అదే.

శివకాశి నుంచి పి. అయ్యనాడార్, ఎ. షణ్ముగనాడార్ 1922లో కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల పని నేర్చుకుని తిరిగొచ్చి, మరుసటేడు నుంచి ఆ పరిశ్రమకు పునాది వేశారు. వానలు తక్కువ, గాలిలో తేమ తక్కువ, పొలం పని ఏడాదిలో కొన్ని నెలలే. అగ్గిపుల్ల ఆరడానికీ కూలి చవగ్గా దొరకడానికీ ఇంతకన్నా అనువైన చోటు లేదు. శివకాశి నుంచి సాత్తూరుకు, కోవిల్‌పట్టికి షెడ్లు పాకాయి. 1941లో అగ్గిపెట్టెల మీద ఎక్సైజు సుంకం రెట్టింపయినా పని ఆగలేదు. యుద్ధంతో పైదేశాల బాణసంచా రావడం ఆగిపోయింది. 1940లో పేలుడు పదార్థాల నియమాలు వచ్చి, లైసెన్సు తీసుకుని బాణసంచా తయారుచేసే పద్ధతి ఏర్పడింది. ఆ సందులో శివకాశి అందుకుంది. స్టాండర్డ్ ఫైర్‌వర్క్స్ మొదలైంది 1942లో.

అగ్గిపుల్లల షెడ్డులో పిల్లల పని ఏమిటో దగ్గరగా చూడాలి. గాళ్ళు కోసిన సన్నని చెక్కపట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కే చట్రం ఒకటుంటుంది. ఒక్కో గాడిలో ఒక్కో పుల్ల పెట్టాలి. ఒక పట్టీ నిండితే దాని మీద ఇంకోటి, అలా పదుల కొద్దీ పట్టీలు. చట్రం నిండాక బిగిస్తే వేల పుల్లల తలలు ఒకే మట్టంలో నిలబడతాయి, వాటిని ముందు మైనంలో, తర్వాత మందులో ముంచుతారు. ఒక్క పుల్ల వంకరగా ఉన్నా మందు సరిగా అంటదు. పుల్ల పట్టుకోవడానికి సన్నని వేళ్ళు కావాలి, నేల మీద గొంతుక్కూర్చుని గంటలకొద్దీ వంగి ఉండగల నడుము కావాలి. కూలి చట్రానికి ఇంత అని, రోజుకు ఇంత అని కాదు. అందుకే పిల్ల చెయ్యి ఎంత వేగంగా ఆడితే ఇంట్లో అంత గంజి. గింజల ధర, గుడ్డ ధర నాలుగు వైపులా పెరుగుతున్నప్పుడు ఏ తల్లయినా ఏం చేస్తుంది? పంపింది. ఎక్కువగా ఆడపిల్లల్ని పంపింది, మగపిల్లాడు బడికి పోయాడు. షెడ్డుకు పంపని ఇళ్ళలో పెట్టెలు అంటించే పని ఉంది. సాయంత్రం ప్రమిద ముందు గంజిపిడత పెట్టుకుని తల్లీ పిల్లలూ కాగితాలూ చెక్కరేకులూ మడిచి అగ్గిపెట్టెలు అతికించేవారు.

చట్టం లేదా అంటే ఉంది. 1938 బాలల ఉపాధి చట్టం, అగ్గిపెట్టెలూ బాణసంచా చేసే కార్ఖానాల్లో పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని పెట్టకూడదంది. అదే చట్టం, కూలివాళ్ళు లేకుండా ఇంటివాళ్ళే చేసుకునే పనిని మినహాయించింది. యుద్ధం ముంచుకొచ్చాక తనిఖీలకు తీరికెవరికి? 1944లో డి. వి. రేగే అధ్యక్షుడిగా వేసిన కార్మిక విచారణ సంఘం, దక్షిణాది అగ్గిపెట్టెల పరిశ్రమలో పిల్లలు విరివిగా పనిచేస్తున్నారని తన నివేదికలో రాసింది. 1945లో యుద్ధం ఆగింది, గడియారాలు గంట వెనక్కి వచ్చాయి, కొన్నేళ్ళకు రేషనూ పోయింది. చట్రాల ముందు కూర్చున్న పిల్లలు మాత్రం లేవలేదు. పెద్దయి పెళ్ళిళ్ళయి వాళ్ళు లేస్తే ఆ చోట వాళ్ళ పిల్లలు కూర్చున్నారు. 1986లో కొత్త చట్టం వచ్చినప్పుడు కూడా ఇంటి పని మినహాయింపు అలాగే ఉండిపోయింది.

శివకాశి పిల్లల కోసం ఎం. సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరు 10న వచ్చింది. ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లకూ యజమాని 20,000 రూపాయలు కట్టాలని, ఆ ఇంట్లో ఒక పెద్దమనిషికి పని చూపాలని, చూపలేకపోతే ప్రభుత్వం 5,000 రూపాయలు జమచెయ్యాలని కోర్టు చెప్పింది. 1943లో పదేళ్ళ వయసున చట్రం ముందు కూర్చున్న పిల్లకు ఆ తీర్పు వచ్చేనాటికి అరవై మూడేళ్ళు.